మెయిల్ అసలుదా నకిలీదా అని తేల్చే పని పెట్టుకోకండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. బ్యాంకు పేరుతో మెయిల్ వచ్చింది. 24 గంటల్లో వివరాలు సరిచేసుకోకపోతే ఖాతా నిలిపేస్తామని ఉంది. మీ పూర్తి పేరు, ఫోన్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు సరిగ్గానే ఉండటంతో నిజమేననుకుని లింక్ నొక్కారు. తెరుచుకున్న పేజీ పుట్టిన తేదీ, కార్డు వివరాలు, పాస్‌వర్డ్ అన్నీ ఒకేచోట అడిగేసరికి అనుమానం వచ్చి మూసేశారు. అదే వారంలో మీ పాత పాస్‌వర్డ్ ఒకటి చూపించి బెదిరిస్తూ ఇంకో మెయిల్ వచ్చింది. ఇప్పుడు ప్రమాదం ఉందా, ఇకమీదట ఇలాంటివి చూడగానే పట్టుకోవడం ఎలా అన్నది మీ ప్రశ్న.

ముందు టెన్షన్ తగ్గే మాట చెప్తాను. లింక్ నొక్కి, ఏమీ టైప్ చేయకుండా, ఏ ఫైలూ డౌన్‌లోడ్ కాకుండా బయటికి వచ్చేసి ఉంటే చాలావరకు మీకేమీ కాలేదు. ఈ అడ్రస్ వాడుకలో ఉంది, ఇక్కడో మనిషి మెయిల్స్ చదివి లింకులు నొక్కుతున్నాడు అన్న సంగతి మాత్రం వాళ్లకు తెలిసింది. అందుకే రాబోయే రోజుల్లో ఇలాంటివి ఇంకొన్ని రావచ్చు. ఫోన్‌లో, కంప్యూటర్‌లో పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లు చేసేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి చూడండి. మీకు తెలియని ఫైలేదైనా ఉంటే తెరవకుండా తీసేయండి.

ఇక రెండో ప్రశ్న. సంస్థల్లో మెయిల్ భద్రత చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. అనుమానం వచ్చిన మెయిల్‌ని నాకు పంపి జనం అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఇది అసలుదా, నకిలీదా?" నన్నడిగితే ఆ ప్రశ్నే మోసగాడికి అనుకూలం. దానికి జవాబు తేల్చాలంటే మెయిల్‌ని పరీక్షగా చూడాలి. అందుకు తీరిక, ఓపిక, కాస్త సాంకేతిక జ్ఞానం కావాలి. మోసగాడు వేలమందికి పంపుతాడు. అందులో కొందరికైనా అది హడావుడిలోనో, నిద్రమత్తులోనో ఉన్న వేళకి చేరుతుంది. వాడికి అది చాలు.

2025 మార్చిలో ట్రాయ్ హంట్‌కి జరిగింది చూడండి. ఎవరి వివరాలు ఏ సైట్ నుంచి లీకయ్యాయో చెప్పే 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' అనే సేవను నడిపేది ఆయనే. ఈ మోసాల గురించి లోకానికి పాఠాలు చెప్పే మనిషి. దూర ప్రయాణపు బడలికలో ఉండగా, తను న్యూస్‌లెటర్ పంపుకోవడానికి వాడే మెయిల్‌చింప్ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. మీ మీద స్పామ్ ఫిర్యాదు వచ్చింది, మీరు మెయిల్స్ పంపకుండా ఆపాం, వచ్చి చూసుకోండి అని దాని సారాంశం. ఆయన లింక్ నొక్కారు, పాస్‌వర్డ్ ఇచ్చారు, ఓటీపీ కూడా ఇచ్చారు. తేరుకుని పాస్‌వర్డ్ మార్చేలోపే సుమారు 16,000 మెయిల్ అడ్రస్‌లున్న ఆయన జాబితా ఎగిరిపోయింది. ఆ సంగతి దాచకుండా ఆయనే రాశారు. కాబట్టి తెలివితక్కువవాళ్లే మోసపోతారన్న మాట ఇక్కడితో వదిలేద్దాం.

నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటే. మెయిల్‌ని కబురుగా తీసుకోండి, దారిగా వాడకండి. ఖాతాలో ఏదో సమస్య ఉందన్న కబురు అందింది, సరే. ఆ సమస్య చూడటానికి మాత్రం మెయిల్ చూపించిన లింక్‌లోంచి వెళ్లొద్దు. బ్యాంకు యాప్ మీ ఫోన్‌లోనే ఉంది, అది తెరవండి. లేదా మీరు ఎప్పుడో దాచుకున్న బుక్‌మార్క్ నుంచి వెళ్లండి. లేదా కార్డు వెనక ఉన్న నంబర్‌కి ఫోన్ చేయండి. నిజంగా సమస్య ఉంటే అక్కడా కనిపిస్తుంది. కనిపించకపోతే మెయిల్‌ని చెత్తలో పడేయొచ్చు. ఇలా చేస్తే మెయిల్ అసలుదో నకిలీదో మీరు తేల్చనక్కర్లేదు. అసలుదైతే పనయిపోతుంది, నకిలీదైతే నష్టం లేదు.

గూగుల్‌లో బ్యాంకు పేరు వెతికి మొదట వచ్చింది నొక్కడాన్ని మాత్రం సొంత దారి అనుకోకండి. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల్లో నకిలీ సైట్లు, నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు కూడా దూరుతుంటాయి.

2016 మార్చిలో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టాకి గూగుల్ పేరుతో మెయిల్ వచ్చింది. ఎవరో మీ పాస్‌వర్డ్ వాడారు, వెంటనే మార్చుకోండి అని ఉంది. సిబ్బంది దాన్ని ఐటీ సహాయకుడికి చూపించారు. అతను ఇది నిజమైన మెయిలేనని జవాబు రాశాడు. నకిలీ అని రాయబోయి పొరపాటున అలా రాశానని తర్వాత చెప్పాడు. ఆ సంగతి చాలామందికి తెలుసు. చాలామంది గమనించని విషయం ఇంకోటుంది: అదే జవాబులో పాస్‌వర్డ్ మార్చుకోవడానికి గూగుల్ వారి సరైన లింక్ కూడా ఇచ్చాడు. దాన్ని వాడుకుని ఉంటే, అతని తీర్పు తప్పయినా ఏమీ అయ్యేది కాదు. నొక్కింది మాత్రం మోసపు మెయిల్‌లోని బటన్‌నే. ఆ తర్వాత వేల మెయిల్స్ బయటపడ్డాయి.

మరి లింక్ నొక్కక తప్పని మెయిల్స్ సంగతేంటని అడుగుతారు. కొత్త ఖాతా తెరిచినప్పుడు నిర్ధారణ లింక్ వస్తుంది, పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింక్ వస్తుంది. ఈ నిమిషంలో మీరు అడిగితే ఈ నిమిషంలో వచ్చినవి నొక్కండి, ఇబ్బంది లేదు. మీరు అడగకుండా వచ్చిన రీసెట్ లింక్ అయితే ముట్టుకోవద్దు. ఆ తేడా తెలిస్తే చాలు.

పద్ధతి అదే అయినా, గుర్తులు తెలిసి ఉండటం మంచిదే. ఎందుకంటే మనం మెయిల్‌ని ఏ ఆధారంతో నమ్ముతామో ఆ ఆధారాల్లో చాలావాటికి బలం లేదు.

మొదటిది పంపినవాళ్ల పేరు. ఇంటర్నెట్ మెయిల్ నడిచే ఎస్ఎమ్‌టీపీ పద్ధతి 1982లో రాసుకున్నది. అప్పట్లో ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లే కొద్దిమంది, ఒకరినొకరు నమ్మేవాళ్లు. పంపేవాడు 'నేను ఫలానా' అంటే దాన్ని సరిచూసే ఏర్పాటు అందులో లేదు. తర్వాత ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు పైన అతికించారు. రోజూ వేల మెయిల్స్ పంపే సంస్థలకు ఇవి ఉండి తీరాలని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబట్టడంతో పరిస్థితి కొంత మెరుగైంది. అయినా ఈ తనిఖీలు చెప్పేది ఒక్కటే: మెయిల్ ఏ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత, సైట్ అడ్రస్‌లో ఉండే ఇంటర్నెట్ పేరు) నుంచి వచ్చానంటోందో అక్కడినుంచే వచ్చింది అని. ఆ డొమైన్ మంచిదా చెడ్డదా అన్నది వాటి పని కాదు. మోసగాడు బ్యాంకు పేరును పోలిన డొమైన్ కొనుక్కుని, ఈ ఏర్పాట్లన్నీ పద్ధతిగా చేసుకుని పంపితే అన్ని తనిఖీల్లోనూ పాసైపోతుంది.

పైగా మనం చూసేది అడ్రస్ కాదు, దాని ముందుండే పేరు. ఆ పేరు ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకోవచ్చు. ఫోన్‌లోని మెయిల్ యాప్‌లు చాలావరకు పేరు మాత్రమే చూపించి అడ్రస్ దాచేస్తాయి. పేరు మీద నొక్కితే అడ్రస్ బయటపడుతుంది. బ్యాంకు పేరు వెనక ఏదో అక్షరాల కలగాపులగం ఉంటే అక్కడితో కథ తేలిపోతుంది. కానీ అడ్రస్ సరిగ్గా ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు. మీ స్నేహితుడి ఖాతానే దొంగల చేతిలో పడి ఉండొచ్చు. అప్పుడు మెయిల్ అతని అసలు అడ్రస్ నుంచే వస్తుంది. మీరిద్దరూ నిన్న మాట్లాడుకున్న పాత సంభాషణ కిందే జవాబుగా కూడా రావచ్చు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ రకమే. "నువ్వడిగిన ఫైల్ ఇదిగో" అన్న మెయిల్ వచ్చి, మీరు ఏ ఫైలూ అడగకపోయి ఉంటే, అతనికి ఫోన్ చేయండి. ఆ మెయిల్‌కే జవాబు రాసి అడిగితే లాభం లేదు. అవతలి నుంచి జవాబిచ్చేది దొంగే.

రెండోది లింక్. దీన్ని చదవడం నేర్చుకోవచ్చు, కానీ చాలామంది తప్పు చివర నుంచి చదువుతారు. అడ్రస్‌లో మొదట బ్యాంకు పేరు కనిపించగానే ఊరుకుంటారు. సైట్ యజమాని ఎవరో తెలిసేది మొదట్లో కాదు. ముందుండే రెండు వాలు గీతలు (//) వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి వాలు గీత (/) దగ్గర ఆగండి. అక్కడినుంచి వెనక్కి, చుక్కలతో విడదీసిన ముక్కల్లో చివరి రెండూ చదవండి. 'మీబ్యాంక్ డాట్ ఖాతా-తనిఖీ డాట్ కామ్' అని ఉంటే అది మీ బ్యాంకుది కాదు, ఖాతా-తనిఖీ డాట్ కామ్ కొనుక్కున్నవాడిది. ముందు ఎన్ని నమ్మకమైన పేర్లు తగిలించినా అవన్నీ అలంకారాలే. కొన్ని దేశాల అడ్రస్‌లలో చివర 'కో డాట్ ఇన్' లాగా కో, దేశం కోడ్ కలిపి వస్తాయి. అలాంటప్పుడు ఇంకో ముక్క వెనక్కి చూడాలి.

ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో (స్మాల్ లెటర్స్) ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే చిన్న తెర మీద ఎమ్‌లా కనిపిస్తుంది. ఎల్ బదులు ఒకటి అంకె పెడితే పోల్చుకోవడం కష్టం. వీటినైనా శ్రద్ధగా చూస్తే పట్టుకోవచ్చు. 2017లో ఒక పరిశోధకుడు రష్యన్ తదితర భాషలు రాసే సిరిలిక్ లిపి అక్షరాలతో యాపిల్ కంపెనీ అడ్రస్‌ని పోలిన డొమైన్ నమోదు చేసి చూపించాడు. అప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అది అచ్చం అసలు అడ్రస్‌లాగే కనిపించింది. కంటితో తేడా పట్టడం ఎవరివల్లా అయ్యే పని కాదు. తర్వాత బ్రౌజర్లు దీనికి అడ్డుకట్టలు వేశాయి. ఎంత నిశితంగా చూసినా కళ్లకు ఒక హద్దుందని మాత్రం దాంతో రుజువైంది.

బ్రౌజర్‌లో సైట్ అడ్రస్ పక్కన ఉండే తాళం బొమ్మ గురించి కూడా ఒక మాట. తాళం ఉంటే సైట్ నమ్మదగిందని ఒకప్పుడు మా రంగంవాళ్లే ఊరూవాడా చెప్పారు. అది చెప్పకుండా ఉండాల్సింది. మీకూ ఆ సైట్‌కీ మధ్య నడిచే సమాచారం మూడోవాడు చదవలేడని మాత్రమే దాని అర్థం. ఆ సైటే దొంగదైతే? దొంగతో మీ మాటలు భద్రంగా సాగుతాయి, అంతే. ఇప్పుడు ఆ తాళం రావడానికి కావాల్సిన ధ్రువపత్రం ఎవరికైనా ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది. మోసపు సైట్లు దాదాపు అన్నిటికీ తాళం ఉంటోందని చెప్పి క్రోమ్ 2023లో ఆ బొమ్మనే తీసేసింది.

ఇక అక్షరదోషాలు. తప్పులుంటే మోసం అనే సలహా ఇంకా అన్నిచోట్లా కనిపిస్తుంది. తప్పులుంటే అనుమానించండి, సరే. తప్పులు లేకపోతే నమ్మొద్దు. ఇప్పుడు ఏఐతో ఏ భాషలోనైనా చక్కటి మెయిల్ రాయించుకోవచ్చు. తెలుగులో వచ్చింది కాబట్టి మనవాళ్లే రాసుంటారు అనే భరోసా కూడా పోయింది. అసలు కొన్ని మెయిల్స్ మొరటుగా ఉండటం కూడా కావాలనే చేస్తారని మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో వాదించారు. లాటరీ తగిలిందని, విదేశంలో వారసత్వం వచ్చిందని చెప్పే మోసాల్లో పంపడానికి పైసా ఖర్చు ఉండదు, జవాబిచ్చినవాళ్లతో వారాల తరబడి బేరాలాడటానికే వాడి సమయం ఖర్చవుతుంది. అందుకే అనుమానించేవాళ్లు మొదట్లోనే తప్పుకునేలా, చివరిదాకా నమ్మేవాళ్లే మిగిలేలా రాస్తారట. మీకొచ్చినది ఆ రకం కాదు. మీదాంట్లో దొంగ మీతో బేరాలాడే పని లేదు, మీరు ఫారం నింపితే చాలు. కాబట్టి అది వీలైనంత అందంగానే ఉంటుంది.

మీరు నమ్మడానికి ముఖ్య కారణం మీ పేరు, ఫోన్ అంకెలు సరిగ్గా ఉండటం. ఇది చాలామందిని దెబ్బకొట్టే చోటు. మన వివరాలు తెలిసినంత మాత్రాన అవతలిది బ్యాంకు అయిపోదు. ఏ షాపింగ్ సైట్ నుంచో, ఏ టికెట్ల సైట్ నుంచో లీకైన జాబితాలు దొంగలు కొనుక్కుంటారు. పేరు, మెయిల్, ఫోన్, కొన్నిసార్లు ఇంటి అడ్రస్ అన్నీ వరసగా ఉంటాయి. వాటిని మెయిల్‌లో నింపడం కంప్యూటర్‌కి క్షణం పని.

మీ పాత పాస్‌వర్డ్ చూపించి బెదిరించిన రెండో మెయిల్ కూడా ఆ జాబితాల పుణ్యమే. "నీ కంప్యూటర్‌లో దూరాను, కెమెరాతో నిన్ను చిత్రీకరించాను, నిదర్శనంగా నీ పాస్‌వర్డ్ ఇదిగో, బిట్‌కాయిన్ పంపు" అనే ఈ రకం 2018 మధ్య నుంచి విపరీతంగా తిరిగింది. వాడు ఎక్కడా దూరలేదు. ఉదాహరణకి లింక్డ్ఇన్ నుంచి 2012లో దొంగిలించిన వివరాలు 2016లో అమ్మకానికొచ్చాయి, అందులో 10 కోట్లకు పైగా ఖాతాలున్నాయి. అలాంటి పాత మూటల్లోంచి తీసిన పాస్‌వర్డే మీకు చూపించాడు. జవాబివ్వొద్దు, డబ్బు పంపొద్దు. ఆ పాస్‌వర్డ్ ఇప్పటికీ ఎక్కడైనా వాడుతుంటే మాత్రం ఈ రోజే మార్చండి. ఇందాక చెప్పిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్‌లో మీ మెయిల్ అడ్రస్ ఇచ్చి చూస్తే ఏయే లీకుల్లో ఉందో తెలుస్తుంది.

వాళ్లకి కావాల్సింది డబ్బే కదా, పుట్టిన తేదీ ఇస్తే ఏమవుతుంది అని కొందరంటారు. విడివిడిగా చూస్తే ఏమీ కాదు. పుట్టిన తేదీ, అమ్మ పుట్టింటి పేరు, పాత అడ్రస్ కలిపితే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీరేనని నమ్మించొచ్చు. గుర్తింపు కార్డు ఫొటో, సెల్ఫీ ఉంటే మీ పేరుతో సిమ్ తీయొచ్చు, అప్పు తీసుకోవచ్చు. పాస్‌వర్డ్‌ని మార్చుకోగలం, పుట్టిన తేదీని మార్చుకోలేం. అన్నిటికంటే విలువైనది మీ మెయిల్ ఖాతా. మిగతా సైట్లన్నీ పాస్‌వర్డ్ రీసెట్ లింక్ పంపేది అక్కడికే. అది చేజిక్కితే మిగతావి ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోవచ్చు. ఒక్క ఖాతాకే గట్టి కాపలా పెట్టే ఓపిక ఉందంటే, బ్యాంకు కంటే ముందు మెయిల్‌కే పెట్టమంటాను.

ఒక్కోసారి అడిగేది మీ సొంత వివరాలు కూడా కాదు. 2016 ఫిబ్రవరిలో స్నాప్‌చాట్ జీతాల విభాగానికి కంపెనీ అధిపతి రాసినట్టు ఒక మెయిల్ వచ్చింది, ఉద్యోగుల జీతాల వివరాలు పంపమని. పంపేశారు. అందులో లింక్ అవసరం రాలేదు, వైరస్ అవసరం రాలేదు. పైవాడు అడిగాడు, ఇచ్చారు. మీరు ఆఫీసులో ఇతరుల వివరాలు చూసే ఉద్యోగంలో ఉంటే ఇది గుర్తుంచుకోండి. అడిగినవాళ్లకి మీ దగ్గరున్న నంబర్‌తో ఫోన్ చేసి కనుక్కోవడం మర్యాద తక్కువ పనేమీ కాదు. నిజంగా అడిగిన పెద్దాయన అయితే దానికి కోప్పడకూడదు. కోప్పడితే తప్పు ఆయనది.

అటాచ్‌మెంట్ల గురించి క్లుప్తంగా చెప్తాను. 2000 మేలో 'ఐ లవ్ యూ' వైరస్ ప్రేమలేఖ రూపంలో మెయిల్స్‌లో పాకింది. ఫైల్ పేరు చివర టీఎక్స్‌టీ అని కనిపించేది, దాని వెనక, అది ప్రోగ్రామ్ అని చెప్పే వీబీఎస్ అనే అసలు చివర దాగి ఉండేది. ఆ ఎత్తు ఇప్పటికీ నడుస్తోంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన వర్డ్, ఎక్సెల్ లాంటి ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలు (ఫైల్ లోపల ఉండే చిన్న ప్రోగ్రాములు) నడవకుండా మైక్రోసాఫ్ట్ 2022లో ఆపేశాక దొంగలు వేరే దారులు పట్టారు: పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్, తెరిస్తే లాగిన్ పేజీలా కనిపించే హెచ్‌టీఎమ్ఎల్ ఫైల్, లోపల క్యూఆర్ కోడ్ ఉన్న పీడీఎఫ్. మెయిల్‌లో క్యూఆర్ కోడ్ పెట్టి స్కాన్ చేయమంటే, కంప్యూటర్‌లో ఉన్న రక్షణలు తప్పించుకుని మిమ్మల్ని ఫోన్ మీదికి తోలుతున్నారని అర్థం. స్పామ్ ఫోల్డర్‌లో ఉన్నవాటిని కుతూహలం కొద్దీ బయటికి తీయకండి. 2011లో భద్రతా ఉత్పత్తులు అమ్మే ఆర్ఎస్ఏ కంపెనీలోకి దొంగలు దూరింది ఒక ఉద్యోగి స్పామ్ ఫోల్డర్‌లోంచి తీసి తెరిచిన ఎక్సెల్ ఫైల్‌తోనే. ఫిల్టర్ తన పని తాను సరిగ్గానే చేసింది.

లింక్, అటాచ్‌మెంట్ రెండూ లేని రకం ఒకటుంది. "మీ సబ్‌స్క్రిప్షన్ రెన్యూ అయింది, పెద్ద మొత్తం కట్ అవుతుంది, రద్దు చేయాలంటే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని బిల్లు వస్తుంది. ఫోన్ చేసేది మనమే కాబట్టి అనుమానం రాదు. అవతల మర్యాదగా మాట్లాడే మనిషి, డబ్బు వాపస్ ఇవ్వడానికంటూ మీ తెర చూసే సాఫ్ట్‌వేర్ వేయిస్తాడు. ఇక్కడా మందు అదే. మెయిల్‌లో ఉన్న నంబర్ మీ దారి కాదు.

ఓటీపీ ఉంది కదా, పాస్‌వర్డ్ పోయినా ఫర్వాలేదు అనుకుంటే అది సగమే నిజం. ఇప్పటి నకిలీ పేజీలు మీకూ అసలు సైట్‌కీ మధ్య కూర్చుంటాయి. మీరు ఇచ్చిన పాస్‌వర్డ్‌ని అదే క్షణంలో అసలు సైట్‌లో వేస్తాయి. మీకు నిజంగానే ఓటీపీ వస్తుంది, అది కూడా అక్కడే టైప్ చేస్తారు, లోపలికి వెళ్లేది వాడు. ఓటీపీ పెట్టుకోవడం మానొద్దు, లేనిదానికంటే చాలా నయం. కానీ ఇంకా గట్టిది పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు మీ ఫోన్ లేదా కంప్యూటర్‌లో ఉండి, వేలిముద్రతోనో పిన్‌తోనో తెరుచుకునే తాళంచెవి), లేదా యూఎస్‌బీలా ఉండే సెక్యూరిటీ కీ. అవి ఏ డొమైన్‌కి నమోదు చేశామో ఆ డొమైన్‌కే స్పందిస్తాయి. నకిలీ పేజీ మీ కంటిని మోసం చేయగలదు, పాస్‌కీని చేయలేదు. 2017 మొదట్లో అందరికీ సెక్యూరిటీ కీలు తప్పనిసరి చేశాక, 85,000కు పైగా ఉన్న తమ ఉద్యోగుల్లో ఒక్కరి ఆఫీసు ఖాతా కూడా ఇలా పోలేదని గూగుల్ 2018లో చెప్పింది. మీ మెయిల్ సేవలో పాస్‌కీ సదుపాయం ఉంటే ఈ వారంలో పెట్టుకోండి.

పాస్‌వర్డ్‌లు దాచి, సైట్లలో నింపే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్‌కీ ఆ గుణం కొంత ఉంది. రోజూ దానంతటదే పాస్‌వర్డ్ నింపే మేనేజర్ ఒక పేజీలో నింపకుండా ఊరుకుందంటే, అది ఆ డొమైన్‌ని గుర్తుపట్టలేదన్నమాట. అలాంటప్పుడు చేత్తో కాపీ చేసి అతికించకండి, ఆగి చూడండి. ట్రాయ్ హంట్ విషయంలోనూ ఆయన మేనేజర్ నింపలేదు. కొన్ని అసలు సైట్లలో కూడా అలా జరుగుతుంటుంది కాబట్టి ఆ క్షణంలో పట్టించుకోలేదని ఆయనే చెప్పారు.

పాస్‌వర్డ్ అడగని మోసం కూడా ఉంది. 2017 మేలో 'మీతో ఒక డాక్యుమెంట్ పంచుకున్నారు' అని చాలామందికి మెయిల్స్ వెళ్లాయి. నొక్కితే గూగుల్ వారి అసలు పేజీయే వచ్చేది. 'గూగుల్ డాక్స్' అని పేరు పెట్టుకున్న ఒక బయటి యాప్ మీ మెయిల్ చదవడానికి, పంపడానికి అనుమతి అడిగేది. అనుమతిస్తే మీ పరిచయస్తులందరికీ అదే మెయిల్ వెళ్లేది. గూగుల్ సుమారు గంటలో ఆపేసింది. ఇలాంటిచోట పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే నమ్ముకోకూడదు. ఖాతా సెట్టింగ్స్‌లో బయటి యాప్‌లకు ఇచ్చిన అనుమతులు చూసి, తెలియనివి తీసేయాలి.

మీరు అడగలేదు కానీ, ఏదైనా టైప్ చేసేసి ఉంటే ఏం చేయాలో కూడా చెప్తాను, ఇంట్లో ఇంకెవరికైనా పనికొస్తుంది. పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే ఆ సైట్‌కి సొంత దారిన వెళ్లి వెంటనే మార్చాలి, అదే పాస్‌వర్డ్ వేరేచోట్ల ఉంటే అక్కడా మార్చాలి, 'అన్ని పరికరాల నుంచి లాగౌట్' అనేది నొక్కాలి. పోయింది మెయిల్ ఖాతా అయితే ఇంకో మూడు చోట్లు చూడాలి, జనం వీటినే మర్చిపోతారు. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మీవేనా? మీ మెయిల్స్ వేరే అడ్రస్‌కి ఫార్వర్డ్ అయ్యేలా ఎవరైనా పెట్టారా? బ్యాంకు మెయిల్స్ వచ్చీ రాగానే చెత్తలోకి పోయేలా ఫిల్టర్ ఏదైనా ఉందా? పాస్‌వర్డ్ మార్చి హమ్మయ్య అనుకున్నాక కూడా ఆ ఫార్వర్డ్ నడుస్తూనే ఉంటుంది. కార్డు వివరాలు ఇచ్చి ఉంటే ముందు బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించండి, ఆ తర్వాతే మిగతా పనులు. ఇందులో నిమిషాలు లెక్క. గుర్తింపు కార్డు ఫొటో పంపి ఉంటే పోలీసు ఫిర్యాదు చేసి దాని నకలు దగ్గర ఉంచుకోండి. రేపు మీ పేరుతో అప్పు బయటపడితే అదే ఆధారం. ఫైల్ తెరిచి ఉంటే, ఆ కంప్యూటర్‌ని నెట్ నుంచి విడదీసి, పాస్‌వర్డ్‌లు ఇంకో పరికరం నుంచి మార్చండి. ఆఫీసు కంప్యూటర్ అయితే ఐటీ వాళ్లకి చెప్పడంలో ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లకో పిల్లలకో ఇలా జరిగితే "చూసుకోవద్దా?" అని మొదలుపెట్టకండి. తిడతారన్న భయంతో దాచిపెట్టిన గంటలే దొంగకి పనికొస్తాయి.

మీకొచ్చిన రెండు మెయిల్స్‌నీ తీసేయడానికి ముందు ఫిషింగ్ (నకిలీ మెయిల్‌తో వివరాలు కాజేసే మోసం) అని రిపోర్ట్ చేయండి. జీమెయిల్, అవుట్‌లుక్ రెండింటిలోనూ ఆ బటన్ ఉంటుంది. కింద 'అన్‌సబ్‌స్క్రైబ్' కనిపిస్తే నొక్కొద్దు, అదీ లింకే. చాలా బ్యాంకులు నకిలీ మెయిల్స్ పంపమని ఒక అడ్రస్ ఇస్తాయి. అది బ్యాంకు సైట్‌లో వెతికి, మెయిల్‌ని అటాచ్‌మెంట్‌గా ఫార్వర్డ్ చేయండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అది ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే భాగం పోతుంది, వాళ్లకి పనికొచ్చేదే అది. ఇంకొక్కటి: కొన్నాళ్ల తర్వాత "మీరు మోసపోయినట్టు మాకు తెలిసింది, మీ వివరాలు ఇస్తే నష్టం రాబడతాం" అంటూ ఇంకో మెయిల్ రావచ్చు. ఒకసారి లింక్ నొక్కినవాళ్ల జాబితాలు కూడా చేతులు మారుతుంటాయి కాబట్టి, దాన్ని కూడా ఈ రెండింటి పక్కనే పడేయండి.